మరిదికి చెప్పండి: మొదటిసారి స్కిప్పర్‌తోనే

ప్రశ్న: మాది హనుమకొండ. వచ్చే జనవరిలో మా రెండు కుటుంబాలు కలిసి థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ వెళ్లి, వారం రోజులకు ఒక కాటమరాన్ తెరచాప పడవను అద్దెకు తీసుకోవాలనుకుంటున్నాం. మేమిద్దరం, మా మరిది, యారాలు, ముగ్గురు పిల్లలు, 68 ఏళ్ల మా అత్తమ్మ, అందరం కలిపి ఎనిమిది మందిమి. మరిది హైదరాబాద్‌లో ఉన్నప్పుడు హుస్సేన్ సాగర్‌లో చిన్న తెరచాప పడవలు నడపడం నేర్చుకున్నాడు. ‘నేనే నడుపుతా, పడవ నడపడానికి కూలికి స్కిప్పర్‌ను పెట్టుకోవడం దండగ’ అంటున్నాడు. మా ఆయన తమ్ముడి మాట కాదనలేరు. స్కిప్పర్ పేరెత్తితే మరిది మొహం మాడుతోంది. ఈత వచ్చింది ఇద్దరికే. నాకు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. అత్తమ్మేమో పడవ ఎక్కే ముందు కొబ్బరికాయ కొట్టాల్సిందే అంటున్నారు. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు

జవాబు:

చెల్లెమ్మా, ప్రయాణం మాత్రం మానుకోకండి. జనవరి అక్కడికి మంచి కాలం. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఫుకెట్‌లో ఈశాన్య గాలి వీస్తుంది, వానలు తక్కువ. ద్వీపానికి తూర్పున ఉన్న ఫాంగ్ న్గా అఖాతానికి మూడు వైపులా నేలే కాబట్టి అలలు పెద్దగా లేవవు. మొదటిసారి వెళ్లేవాళ్లకు ఇంతకంటే నెమ్మదైన నీళ్లు దొరకడం కష్టం. కానీ స్కిప్పర్‌ను పెట్టుకోండి. ఈ ఒక్క విషయంలో మీరు పట్టు విడవొద్దు.

మీ మరిదిని తక్కువ చేసి చెప్పడం లేదు. నేనూ తెరచాప పట్టింది హుస్సేన్ సాగర్‌లోనే. అక్కడ నేర్చుకున్నవాడికి గాలి చదవడం వస్తుంది. నాలుగు వైపులా బిల్డింగుల మధ్య నుంచి తిరిగి తిరిగి వచ్చే గాలిని పట్టుకోవడం చిన్న విద్య కాదు. అయితే ఆ పడవకు ఇంజన్ లేదు, లంగరు లేదు, ఆ నీళ్లకు ఆటుపోట్లు లేవు. తప్పు చేస్తే పడవ బోర్లా పడుతుంది, మనం తడుస్తాం, లేచి మళ్లీ ఎక్కుతాం. మీరు తీసుకోబోయేది 40 అడుగుల పైన పొడవు, దాదాపు ఏడు మీటర్ల వెడల్పు, పది పన్నెండు టన్నుల బరువున్న పడవ. లోపల మీ అత్తమ్మ పడుకుని ఉంటారు. ఒడ్డున పక్క పడవకు రాసుకుందంటే చేత్తో ఆపే బరువు కాదది.

కాటమరాన్‌లో ఇంకో సంగతి ఉంది. ఇది తెలియకే కొత్తవాళ్లు పొరపాటు పడతారు. కాటమరాన్ అనే మాట తమిళ ‘కట్టుమరం’ నుంచి పోయింది. దుంగలు కలిపి కట్టిన తెప్ప అన్నమాట. ఇప్పటి కాటమరాన్ అంటే రెండు సన్నటి పడవల్ని ఎడంగా నిలబెట్టి, వాటి మీద ఇంటి హాలు కట్టినట్టుంటుంది. అందుకే అది ఒరగదు. టేబుల్ మీద పెట్టిన చాయ్ గ్లాసు అక్కడే ఉంటుంది. కుటుంబాలు దీన్ని ఇష్టపడేదీ అందుకే. ఒంటి పడవైతే గాలి ఎక్కువ కాగానే పక్కకు ఒరిగి, ‘చాప తగ్గించు’ అని తానే చెబుతుంది. ఒరిగినప్పుడు కొంత గాలిని వదిలేసి తన మీద భారం కూడా తగ్గించుకుంటుంది. కాటమరాన్ అలా చెప్పదు. నిటారుగా నిలబడే, ఆ భారమంతా స్తంభం మీదికి, దాన్ని పట్టి ఉంచే ఉక్కు తీగల మీదికి తీసుకుంటుంది. గాలి వేగం రెట్టింపైతే దాని తోపు నాలుగింతలు అవుతుంది. 10 నాట్ల గాలి (నాట్ అంటే గంటకు దాదాపు 1.85 కిలోమీటర్ల వేగం) 20 నాట్లయినా లోపల కూర్చున్నవాళ్లకు ఏ తేడా తెలియకపోవచ్చు. కాబట్టి చాప కుదించడం ఒంటికి తెలిసే సంగతి కాదు, గాలి వేగం చూపే మీటర్ చూసి చేసే పని. చాలా కాటమరాన్‌లకు 18, 20 నాట్ల దగ్గర మొదటి కుదింపు, 25 దగ్గర రెండోది అని కంపెనీ పట్టిక ఇస్తుంది. ఆ పడవ పట్టిక ఏది చెబితే అదే పాటించాలి. పడవ చెప్పదు కాబట్టి మనమే ముందు నిర్ణయించుకోవాలి. స్కిప్పర్ విషయం కూడా అంతే. నీళ్ల మీదికి వెళ్లాక నిర్ణయించుకునేది కాదు.

నా మొదటి ప్రయాణంలో మేం స్కిప్పర్ లేకుండా వెళ్లాం. మాలో ఒకాయనకు సర్టిఫికెట్ ఉంది, నాకు హుస్సేన్ సాగర్ అనుభవం ఉంది. సరిపోతుందనుకున్నాం. మూడో రోజు సాయంత్రం అదే అఖాతంలో ఒక దీవి పక్కన లంగరు వేశాం. లోతు ఐదు మీటర్లు చూపించింది. 20 మీటర్ల గొలుసు వదిలాం. గొలుసు అంత పొడవు దిగుతుంటే చాలా ఎక్కువే వేశాం అనిపించింది. రాత్రి రెండు గంటలకు నేల కిందినుంచి చప్పుడొచ్చింది, బండ మీద రోలు ఈడ్చినట్టు గరగరమని. ఆగింది, మళ్లీ మొదలైంది. లుంగీతోనే పైకి పరిగెత్తాను. పడుకునేటప్పుడు మాకు ఎడమ పక్కన దూరంగా ఉన్న ఇంకో పడవ లైటు ఇప్పుడు సరిగ్గా మా వెనకే, మాటలు వినిపించేంత దగ్గరలో ఉంది. పోటు ఎక్కి నీళ్లు పెరిగాయి, ప్రవాహం తిరిగింది, లంగరు ఊడింది. ఇంజన్లు వేసి, చీకట్లో గొలుసు పైకి లాగి, మళ్లీ చోటు వెతుక్కుని నిలబడేసరికి నాలుగు దాటింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ నా భార్య ఆ రాత్రంతా పిల్లలకు లైఫ్ జాకెట్లు తొడిగి ఒళ్లో కూర్చోబెట్టుకుంది. ఆ దృశ్యం నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంటుంది.

లెక్క కష్టమైనదేం కాదు. వేసినప్పటి లోతు ఐదు మీటర్లు, పోటుకు పెరిగేది రెండు, నీటి నుంచి పడవ ముక్కు ఎత్తు ఒకటిన్నర, కలిపితే ఎనిమిదిన్నర. దానికి కనీసం ఐదింతల గొలుసు కావాలి, అంటే 42 మీటర్ల పైమాటే. మేం వేసింది అందులో సగం కూడా కాదు. గొలుసు వదిలాక రెండు ఇంజన్లూ వెనక్కి నడిపి లంగరు మట్టిలో దిగిందో లేదో చూడాలి. కింద ఉన్న రెండు సన్నటి పడవల ముక్కుల నుంచీ రెండు తాళ్లు తీసి గొలుసుకు తగిలించాలి, లేకపోతే పడవ రాత్రంతా అటూ ఇటూ ఊగుతూ లంగరును కదిలిస్తుంది. ఒడ్డు మీద రెండు గుర్తులు, ఒక చెట్టూ దాని వెనక ఒక బండా, ఒకే వరసలో ఉన్నట్టు చూసి పెట్టుకోవాలి. ఆ వరస తప్పిందంటే కదులుతున్నట్టే. ఇవన్నీ పుస్తకంలో నేనూ చదివాను. స్కిప్పర్ పక్కన నిలబడి నాలుగుసార్లు వేయిస్తే తప్ప చేతికి రాలేదు.

మరిదితో మాట్లాడేటప్పుడు ‘నీకు రాదు’ అనే మాట రానివ్వకండి. ‘ఈసారి నువ్వు నేర్చుకో, వచ్చేసారి నువ్వే తీసుకెళ్లు’ అనండి. అది నిజం కూడా. మంచి స్కిప్పర్ చుక్కాని మీ వాళ్ల చేతికిచ్చి పక్కన నిలబడతాడు. బుకింగ్ అప్పుడే ‘మాకు నేర్పే స్కిప్పర్ కావాలి’ అని రాయండి. కొన్ని కంపెనీలు మొదటి రెండు మూడు రోజులకే స్కిప్పర్‌ను పంపి, మీ వాళ్లు చేయగలరని ఆయన చెబితే దిగిపోయే ఏర్పాటు కూడా చేస్తాయి. మీకు మాత్రం వారమంతా ఉంచుకోమనే చెబుతాను. ఇంకా నెలలున్నాయి కాబట్టి మరిది ముంబయి లాంటి చోట పెద్ద పడవ మీద కొన్ని రోజుల కోర్సు చేసి వస్తే మరీ మంచిది. క్రొయేషియా, గ్రీస్ లాంటి దేశాల్లో స్కిప్పర్ లేకుండా తీసుకోవాలంటే లైసెన్స్ తప్పనిసరి. మరికొన్ని చోట్ల కంపెనీలు అనుభవం రాసిమ్మంటాయి. అందులో లేని అనుభవం రాయొద్దని మరిదికి గట్టిగా చెప్పండి. ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు మొదట బయటికి తీసేది ఆ కాగితాన్నే.

ఇప్పుడు పడకల లెక్క. మామూలు నాలుగు గదుల కాటమరాన్‌లో ఎనిమిది మంది పడతారు, అంటే మీతోనే నిండిపోతుంది. స్కిప్పర్ ఎక్కడ పడుకుంటాడు? కొన్ని పడవలకు ముక్కు భాగంలో ఆయనకోసం చిన్న గది ఉంటుంది, పైనుంచి మూత తీసి దిగాలి. లేకపోతే హాల్లో సోఫా మీదే. పిల్లలు రాత్రి నీళ్ల కోసం లేచినప్పుడల్లా ఆయన నిద్ర చెడుతుంది. నిద్ర లేని స్కిప్పర్ మీకు క్షేమం కాదు. కాబట్టి ఆ చిన్న గది ఉన్న పడవనే అడగండి. ఆయన తిండి ఖర్చు కూడా మీదే ఉంటుంది. అత్తమ్మకు వెనక గది ఇవ్వండి, ముందు గదుల్లో కుదుపూ గొలుసు చప్పుడూ ఎక్కువ. గదుల్లోకి నాలుగైదు నిటారు మెట్లు దిగాలి. ఆమె మోకాళ్లకు అది ఎలా ఉంటుందో ఇప్పుడే అడిగి తెలుసుకోండి.

డబ్బు సంగతి. కంపెనీ చెప్పే అద్దె అసలు ఖర్చు కాదు. స్కిప్పర్ రోజు కూలి, డీజిల్, చివరి రోజు క్లీనింగ్, నేషనల్ పార్క్ రుసుము, ఒడ్డుకు వెళ్లి రావడానికి చిన్న రబ్బరు పడవ, దుప్పట్లు, వీటిలో ఏది కలిసి ఉంది, ఏది విడిగా అనేది రాతలో తెప్పించుకోండి. డిపాజిట్ మన రూపాయల్లో లక్షల్లో ఉంటుంది. క్రెడిట్ కార్డులో అంత లిమిట్ ఉందా, విదేశాల్లో వాడకం ఆన్ అయ్యిందా అని వెళ్లే ముందే చూసుకోండి. రోజుకు కొంత కట్టి డిపాజిట్ తగ్గించుకునే పద్ధతి ఉంటే తీసుకోండి. ఓరుగల్లు నుంచి ఏలిన గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో శాసనం వేయించాడు. తుఫానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా పూర్వపు రాజులు లాక్కునేవారని, తాను మాత్రం నిర్ణయించిన సుంకం తప్ప తీసుకోనని అందులో అభయం ఇచ్చాడు. పడవకు ఏదైనా జరిగితే ఎంత పోతుందో ముందే రాతలో ఉండాలని మన ఊరి రాజుకు అప్పుడే తెలుసు. మీరు కంపెనీని అడగాల్సిందీ అదే.

పడవ అప్పగించే రోజు తొందరపడకండి. సాధారణంగా మధ్యాహ్నం తర్వాత ఇస్తారు, అందరికీ ఎప్పుడు బయలుదేరదామా అనే ఉంటుంది. ఆ రోజు రేవులోనే పడుకుని పొద్దున బయలుదేరినా నష్టం లేదు. ఫోన్‌లో వీడియో తీస్తూ పడవంతా తిరగండి: గీతలు, చాప మీద చిరుగులు, సీట్ల మరకలు, రబ్బరు పడవ ఇంజన్ రెక్కలతో సహా. నా రెండో ప్రయాణంలో ఆ రెక్కల అంచులు ముందే విరిగి ఉన్నాయి. నేను ఫొటో తీయలేదు. దిగేటప్పుడు ఆ ఖర్చు నా డిపాజిట్‌లో కోశారు. అడిగితే చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు.

ఇక మన ఇంటి అలవాట్ల గురించి. దీని గురించి ఎవరూ ముందు చెప్పరు. ఇబ్బందులన్నీ ఇక్కడే వస్తాయి.

నీళ్ల ట్యాంకు పడవను బట్టి మారుతుంది, 300 లీటర్లే ఉన్నవీ ఉన్నాయి. స్కిప్పర్‌తో కలిపి తొమ్మిది మంది. మనిషికి రోజుకు 15 లీటర్లన్నా రెండు రోజులు దాటి రావు. పొద్దున్నే తలా ఒక బకెట్ స్నానం అనే మాట ఆ వారం మర్చిపోవాలి. సముద్రంలో మునిగి, పడవ వెనక మెట్ల దగ్గరున్న చేతి షవర్‌తో ఒక్క నిమిషం ఉప్పు కడుక్కుంటే చాలు. గిన్నెలు మొదట సముద్రపు నీళ్లతో తోమి, చివర మాత్రమే మంచినీళ్లతో తొలపండి. తాగే నీళ్లు విడిగా క్యాన్లలో కొనుక్కోండి. బాత్రూంలో నీళ్లు వాటంతట అవే పోవు, పంపు లాగాలి. పొడుగు జుట్టు ఆ పంపుల్లో చుట్టుకుంటే ఆగిపోతాయి. మీ ముగ్గురు ఆడవాళ్లూ లోపల తల దువ్వుకోకుండా బయట దువ్వుకోండి. టాయిలెట్‌లో కాగితం వేయొద్దంటారు, నీళ్లు వాడే మనకు ఆ బాధ లేదు. శానిటరీ ప్యాడ్లు, పిల్లల వైప్స్ మాత్రం ఒక్కటి వేసినా పైపు జామ్ అవుతుంది, వాసన భరించలేరు.

వంటకు మీ చిన్న కుక్కర్ పట్టుకెళ్లండి. అన్నం, పప్పు అయితే మిగతాది పచ్చళ్లు, పొడులతో గడిచిపోతుంది. పచ్చడి గాజు సీసాల్లో వద్దు. కదిలే పడవలో మరిగే నూనె అనేదే వద్దు, కాబట్టి సకినాలు, గారెప్పలు ఇంట్లోనే చేసి డబ్బాల్లో పెట్టుకోండి. సకినాలు వారమంతా నిలవుంటాయి, సముద్రపు గాలికి పిల్లలకు ఆకలీ ఎక్కువ. వండటం అయ్యాక ప్రతిసారీ గ్యాస్ స్విచ్ కట్టేయాలి. గ్యాస్ గాలికంటే బరువు, లీకైతే పడవ అడుగుకు దిగి నిలుస్తుంది. పసుపు జాగ్రత్త. తెల్లటి పడవకు, తెల్లటి సీట్లకు పసుపు మరక పడితే పోదు, బిల్లు వస్తుంది. డెక్ మీద నూనె చుక్క పడితే వెంటనే తుడవండి, తడి కాలు వేస్తే జారుతుంది.

చీర కొంగు, చున్నీ, జడ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. తాళ్లు లాగడానికి కరెంటు వించ్‌లు ఉంటాయి, లంగరు గొలుసుకు ఇంకో మోటారు. బటన్ నొక్కితే అవి ఆగకుండా తిప్పుతాయి, వేలు ఉందో బట్ట ఉందో వాటికి తెలియదు. ఆ పనులు జరిగేటప్పుడు అత్తమ్మను హాల్లో కూర్చోబెట్టండి. మీరూ యారాలూ ఆ వారం సల్వార్, ట్రాక్ ప్యాంట్లలో ఉండి జడ ముడేసుకోండి. పిల్లల చేతులు బటన్ల దగ్గరికి పోకూడదని మొదటి గంటలోనే చెప్పండి. పడవ ముందు భాగంలో వల పరిచి ఉంటుంది, దాని మీద పడుకుంటే కింద నీళ్లు పరిగెడుతుంటాయి. పిల్లలు దాన్ని వదలరు. లంగరు వేసి ఉన్నప్పుడు ఆడుకోనివ్వండి, పడవ కదిలేటప్పుడు వద్దు.

ఈత రానివాళ్లు ఆరుగురు. లైఫ్ జాకెట్లు అందరికీ ఉంటాయి కానీ పిల్లల సైజువి అడిగితేనే తెచ్చి పెడతారు. పిల్లల బరువులు ముందే రాసి పంపండి. అడుగు బయట పెడితే ఈత రానివాళ్లకు జాకెట్ ఉండాల్సిందే. రబ్బరు పడవలోకి దిగితే ఈత వచ్చినవాళ్లకు కూడా. దాని ఇంజన్‌కు ఒక ఎర్ర తాడు ఉంటుంది, నడిపేవాడు దాన్ని ఒంటికి తగిలించుకోవాలి. అతను నీళ్లలో పడితే ఇంజన్ ఆగుతుంది, లేకపోతే ఖాళీ పడవ గుండ్రంగా తిరిగి అతని మీదికే వస్తుంది. ఎక్కువ ప్రమాదాలకు ఆస్కారం పెద్ద పడవలో కాదు, ఆ చిన్న పడవ ఎక్కే, దిగే నిమిషంలోనే. అత్తమ్మను తొందరపెట్టొద్దు. అల చిన్న పడవను పైకి ఎత్తినప్పుడు ఒక అడుగు, అంతే. ఇప్పటినుంచి జనవరి దాకా మీరంతా వారానికి రెండుసార్లు స్విమ్మింగ్ పూల్‌కు వెళ్లండి. ఈదడం రాకపోయినా వెల్లకిలా తేలడం వస్తే సగం భయం పోతుంది.

ఎక్కిన రోజే స్కిప్పర్‌ను ఇంకో మాట అడగండి. ఆయనకే ఒంట్లో బాగాలేకపోతే ఏం చేయాలి? ఇంజన్ స్టార్ట్ చేయడం, చాప దించడం, రేడియోలో 16వ ఛానల్‌లో సాయం అడగడం, మ్యాప్‌లో మనం ఎక్కడున్నామో చదవడం, ఈ నాలుగూ మరిదికీ మీకూ ఇద్దరికీ రావాలి. మీకు అని కావాలనే అంటున్నాను. రెండు మూడు రోజుల్లో మీకే తెలుస్తుంది, చేతికి పని ఉన్నవాళ్లకు టెన్షన్ తక్కువ.

వాంతుల మాత్రలు డాక్టర్‌ను అడిగి తీసుకెళ్లండి, అత్తమ్మకు బీపీ మందులుంటే తప్పక అడగండి. మొదలయ్యాక వేస్తే పెద్దగా పనిచేయవు, బయలుదేరే ముందే వేయాలి. ఫోన్ చూడకుండా దూరంగా నీటి అంచును చూస్తూ కూర్చోమనండి.

రోజు ఎలా గడపాలంటే, పొద్దున్నే బయలుదేరి మధ్యాహ్నం మూడున్నర కల్లా లంగరు వేసేయాలి. వెలుతురుంటే మొదటి చోటు నచ్చకపోయినా రెండోది వెతుక్కోవచ్చు. అద్దె పడవల్ని రాత్రి నడపకూడదని ఒప్పందాల్లోనే ఉంటుంది. గాలి ఈశాన్యం కాబట్టి దీవికి పడమటి పక్క ఆగితే నెమ్మదిగా ఉంటుంది. అక్కడి సున్నపురాయి దీవుల లోపల గుహల గుండా వెళ్లే చిన్న మడుగులున్నాయి, వాటిని ‘హాంగ్’ అంటారు. ఫనాక్, హాంగ్ దీవుల్లో చూడొచ్చు. నీళ్లు సరైన మట్టంలో ఉన్నప్పుడే లోపలికి చిన్న పడవ దూరుతుంది. ఇందులో అత్తమ్మ పంచాంగం పనికొస్తుంది. అమావాస్య, పౌర్ణమి దగ్గర పోటూ ఆటూ తేడా రెండు మీటర్లు దాటుతుంది, ప్రవాహమూ జోరుగా ఉంటుంది. అష్టమి దగ్గర తక్కువ. తేదీలు ఇంకా ఖాయం కాకపోతే ఏ తిథులు పడుతున్నాయో ఆమెనే చూసి చెప్పమనండి.

కొబ్బరికాయ తప్పకుండా కొట్టించండి. ఫుకెట్ బజార్లో కాయలకు కొదవ లేదు, ఇక్కడినుంచి మోసుకెళ్లాల్సిన పనిలేదు. పడవ మీద మాత్రం కొట్టొద్దు, ఆ తెల్లటి పై పూత పగులుతుంది. రేవులో సిబ్బందిని అడిగి సిమెంటు గట్టు మీద కొట్టించి, కాయ నీళ్లు అత్తమ్మ చేతుల మీదుగానే సముద్రంలో పోయించండి. పసుపు, కుంకుమ పడవకు పెట్టకుండా మీ అందరి నుదుట పెట్టమనండి, స్కిప్పర్ ఒప్పుకుంటే ఆయనకూ. తర్వాత చెప్పులన్నీ గట్టు మీదే విప్పి ఒక బుట్టలో వేసి, ఒట్టి కాళ్లతో ఎక్కండి, పడవ ఎక్కే పద్ధతి కూడా అదే.